గోడ అవతలి మాట

ఆ ఇంటి కోడలికి పుట్టుచెవుడు. ముందుగదిలో మిషను పెట్టుకుని వీధిలోవాళ్ళకు చొక్కాలూ గౌన్లూ కుట్టేది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి ఇట్టే పట్టేసేది. గొంతు లేక కాదు గానీ, చిన్నప్పుడు ఎవరో నవ్వారని నోరు విప్పడం మానేసి సైగలతోనే సరిపెట్టుకునేది. ఎవరైనా తలుపు తట్టినా, కుక్కర్ కూసినా అత్తగారే వచ్చి భుజం తట్టి చెప్పేది.

పాప పుట్టాక అత్తగారికి ఊపిరి పీల్చుకునే తీరిక లేకుండా పోయింది. అది చూసి, లిఫ్టులు బాగుచేసే మరిది ఒక ఆదివారమంతా నిచ్చెన దిగలేదు. ఉయ్యాల దగ్గర చప్పుడు వినే చిన్న డబ్బా, స్నానాలగది నీళ్ళగొట్టానికి, కుళాయి కట్టడం మరిచిపోతే చెప్పే మీటరు, మిషను పైన దీపం, వదిన మణికట్టుకు ఒక పట్టీ బిగించాడు. పాప ఏడిస్తే డబ్బా వింటుంది. ఆ కబురు ఇంటర్నెట్ మీదుగా దీపానికీ, పట్టీకీ, ఇంట్లో అందరి ఫోన్లకూ చేరుతుంది. దీపం మినుకుమంటుంది, పట్టీ వణుకుతుంది.

"ఒకదానితో ఒకటి మాట కలిపాను వదినా. ఇక అవే చూసుకుంటాయి," అన్నాడు.

అత్తగారు మూతి ముడిచింది. దీపాలూ గొట్టాలూ కబుర్లాడుకునే ఇంట్లో ముసలిదాని మాట ఎవరికి కావాలని సణిగింది. కానీ పాప కెవ్వుమనగానే కోడలు తనంతట తానే మిషను ఆపి పరుగెత్తడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఓ మధ్యాహ్నం భర్త బస్సు నడపడానికి వెళ్ళాడు. కోడలు గౌనుకు కాలరు కుడుతుండగా దీపం మినుకుమంది. వెళ్ళి చూస్తే పాప గుప్పిళ్ళు బిగించి ఆదమరిచి నిద్రపోతోంది. తిరిగొచ్చి కూర్చుందో లేదో, మళ్ళీ మినుకుమంది. డబ్బా పొరబడిందనుకుంది. అంతలో ఫోన్‌లో ఇంకో కబురు పడింది: స్నానాలగది కుళాయి చాలాసేపటి నుంచి కట్టలేదని. అత్తగారు చుక్క నీళ్ళు వృథా పోనివ్వదు. డబ్బా చెప్పిందీ, మీటరు చెప్పిందీ ఒకచోట పెట్టి చూడగానే, డబ్బా విన్నది అత్తగారి కేకేమోనని కోడలు పరుగెత్తింది.

స్నానాలగది తలుపు కదల్లేదు. భుజంతో నెట్టబోయి, ఏదో తోచి ఆగింది. మాటలను అక్షరాలుగా మార్చే ఫోన్‌ను తలుపు సందుకు ఆనించింది. తెర మీద మాటలు మెల్లగా తేలాయి.

"నెట్టకు తల్లీ. కాలు తలుపుకీ గోడకీ మధ్య ఇరుక్కుంది."

కోడలు నిప్పు తగిలినట్టు తలుపు మీంచి చెయ్యి తీసేసింది. మరిదికి ఫోన్‌లో రాస్తే, పక్క వీధిలోనే ఉన్నాను, వస్తున్నానన్నాడు. ఆమె తలుపు దగ్గరే చతికిలబడింది. సైగ చేస్తే లోపలికి కనబడదు. చాలా ఏళ్ళ తర్వాత గొంతు సవరించుకుంది.

"అత్తయ్యా. ఇక్కడే ఉన్నా."

మాట వంకరటింకరగా వచ్చి ఉంటుందని ఆమెకు తెలుసు. తెర మీద జవాబు వచ్చింది.

"నీ గొంతు ఎంత బాగుందే. మాట్లాడుతూ ఉండు, నాకు భయంగా ఉంది."

పాప నిద్ర గురించి, కుదరని కాలరు గురించి, నోటికొచ్చిందల్లా చెబుతూనే ఉంది. మరిది వచ్చి వెంటిలేటర్ అద్దాలు ఊడదీసి లోపలికి దిగేదాకా ఆపలేదు.

ఎముక చిట్లిందని ఆసుపత్రిలో కట్టు కట్టారు. సాయంత్రం బస్సు దిగి పరుగున వచ్చిన భర్త జరిగిందంతా విని, తమ్ముడి వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

ఇంటికొచ్చాక అత్తగారు తన మంచం పక్కన కూడా ఒక డబ్బా కావాలని పట్టుబట్టింది. ఆవిడ గోడ అవతల నుంచి మాట్లాడితే మరిది మిషను పక్కన కొత్తగా బిగించిన తెర మీద అక్షరాలు వస్తాయి. మొదట్లో మంచినీళ్ళు, మాత్రలు అనే వచ్చేవి. తర్వాత్తర్వాత, పెళ్ళికి ముందు తాను సైకిల్ పందెంలో అబ్బాయిల మీద గెలిచిన సంగతి మొదలుపెట్టింది. కన్నకొడుకులకు కూడా అది తెలియదు. డబ్బాకూ అప్పుడప్పుడు సరిగ్గా వినబడదు. "అందర్నీ గెలిచా" అన్నది "అందర్నీ పిలిచా" అని పడింది.

కోడలు మిషను ఆపి గోడవైపు తిరిగింది.

"ఎక్కడికి పిలిచారు అత్తయ్యా?" అని గొంతెత్తి అడిగింది.