పెన్నీఫెర్న్స్ లీలా

తాను చనిపోయిన సంగతి లీలావతి అరవై రెండో ఏట చదివింది.

2010లో ఒక శనివారం మనవరాలు దియ, అమెరికాలో పార్సిప్పనీ ఊళ్లో లీలావతి దంపతులుండే అపార్ట్‌మెంట్‌కి ఒక సీడీ పట్టుకొచ్చింది. దియకు పాత ఇంగ్లీషు పాటల పిచ్చి. 1960ల్లో ఇంగ్లండులో ఎనిమిది నెలలు పాడి చెదిరిపోయిన పెన్నీఫెర్న్స్ అనే ముగ్గురమ్మాయిల బృందం పాటలవి. సీడీ డబ్బాలోని చిన్న పుస్తకంలో ఫొటో చూపించి, “అమ్మమ్మా, ఈ మిడిల్‌లో ఉంది నువ్వేనా?” అంది.

లీలావతి కాదనలేకపోయింది. ఫొటో కింద రాసి ఉంది: లీలా 1967లో జబ్బుచేసి మరణించింది.

అప్పట్లో ఆమె తండ్రి ఇంగ్లండులోని లీడ్స్‌లో డాక్టరు. కూతురు క్లబ్బుల్లో పాడుతోందని తెలిసిన వారానికే కాకినాడ తీసుకొచ్చి మేనత్త ఇంట్లో వదిలి వెళ్లాడు. ఏడాది తిరక్కుండా కృష్ణమూర్తితో పెళ్లయింది. లీడ్స్‌లో చదివిందని తప్ప భర్తకేమీ తెలియదు.

ఫొటో కింద ఆ వాక్యం రాయించింది ఐలీన్, తన పక్కన నిలబడి పాడిన నేస్తం. దియ సీడీ కంపెనీకి మెయిల్ పెట్టి ఆవిడ నంబరూ అడ్రసూ సంపాదించింది. లీలావతి రెండు రోజులు తటపటాయించి ఫోన్ చేసింది.

పేరు చెప్పగానే ఐలీన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే, రెండో రికార్డులో ఎవరు ఎక్కడ తప్పు పాడారో చెప్పమంది. లీలావతి చెప్పింది. అవతల ఏడుపు వినిపించింది. ఆ రోజుల్లో ఐలీన్ లీడ్స్ ఇంటికి ఫోన్ చేస్తే టైఫాయిడ్‌తో పోయిందని లీలావతి తండ్రే చెప్పాడట.

“బతికుండగానే నన్ను చంపేశాడా!” అంది లీలావతి కోపంగా. ఐలీన్ అడిగింది: “ఆయన అబద్ధమాడాడు, సరే. నలభై మూడేళ్లలో నువ్వొక్క ఉత్తరం రాయలేకపోయావా?”

పెళ్లయిన కొత్తలో భయం. తర్వాత పిల్లలు. భయం పోయాక, ఇన్నాళ్లకి రాయడమేమిటని సిగ్గు. ఇవేవీ చెప్పలేక సారీ అంది. మళ్లీ ఫోన్ చేయొద్దని ఐలీన్ పెట్టేసింది.

ఆ సాయంత్రం భర్తకు అంతా చెప్పింది. కృష్ణమూర్తి సీడీలోని పాటలన్నీ విన్నాడు. “ఇన్నేళ్లలో వంటింట్లో కూడా ఒక్క పాట పాడలేదు నువ్వు,” అన్నాడు. తర్వాత నాలుగు రోజులు అవసరానికి తప్ప మాట్లాడలేదు.

ఆ నాలుగు రోజుల్లో లీలావతి ఐలీన్‌కు ఆరు పేజీలు రాసింది. మూడు వారాలకు జవాబొచ్చింది. క్షమించానని లేదు. పుస్తకంలో ఆ వాక్యం తీసేయమని కంపెనీకి చెప్పానని మాత్రం ఉంది.