కూమ్‌ని బెంచి మీద కూర్చోబెట్టిన రోజు

వెలిమిర్ పదిహేడేళ్ళు బాస్కెట్‌బాల్ ఆడాడు. సెర్బియాలోని చాచక్‌లో మొదలుపెట్టి, గ్రీసులో రెండేళ్ళు, హంగరీలో నాలుగేళ్ళు ఆడి, మోకాలికి మూడో ఆపరేషన్ అయ్యాక పుట్టిన ఊరి జట్టుకే తిరిగొచ్చాడు. ముప్పై ఆరో ఏట, ఒక జనవరి ఉదయం, డాక్టరు అతని ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి పట్టి చూసి, "ఇక ఈ మోకాలిని నడవడానికి దాచుకో," అన్నాడు. అదే వారం జట్టు కోచ్‌కి ఇంకో ఊళ్ళో మంచి ఉద్యోగం దొరికి, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు.

క్లబ్బు ప్రెసిడెంటు తిహోమిర్ ఇంటికొచ్చి, రెండు గ్లాసుల రాకియా సారా పుచ్చుకుని, అసలు మాట బయటపెట్టాడు.

"వెల్యా, లీగులో కింద నుంచి రెండో చోట ఉన్నాం. జట్టుని నువ్వు చూసుకో."

"నేనెప్పుడూ ఎవరికీ ఏదీ నేర్పలేదండీ."

"పదిహేడేళ్ళు కోర్టులో నిలబడి అందరి మీదా అరిచావు. ఇప్పుడు గీత బయట నిలబడి అరుస్తావు. అంతేగా తేడా!"

ఆ గీతే అతన్ని చంపింది. మొదటి మ్యాచ్‌లో బంతి తన వైపు రాగానే పాత అలవాటు కొద్దీ కోర్టులోకి ఉరికి పట్టేసుకున్నాడు. రిఫరీ ఈల ఊదాడు. హాలంతా పగలబడి నవ్వింది. ఆ మ్యాచ్ ఓడారు, తర్వాతి రెండూ ఓడారు. నాలుగోది గెలిచారు. తడబడుతూ, తిట్లు తింటూ, ఎప్పుడు ఆట ఆపించాలో, ఎవరికి నీళ్ళిచ్చి ఎవరికి చీవాట్లివ్వాలో మెల్లమెల్లగా పట్టుబడింది.

పట్టుబడనిది ఒక్కటే. కెప్టెన్ రాస్త్‌కో.

రాస్త్‌కో అతని కూమ్. వెలిమిర్ పెళ్ళిలో కొవ్వొత్తి పట్టుకుని పక్కన నిలబడినవాడు, కూతురికి బాప్తిస్మంలో పేరు పెట్టినవాడు; ఆ బంధంతో రెండిళ్ళవాళ్ళూ ఒకరినొకరు కూమ్ అనే పిలుచుకుంటారు. అన్నదమ్ములు కొట్టుకున్నా ఊరు సరిపెట్టుకుంటుంది గాని, కూమ్‌ని అవమానించినవాడి ఇంట్లో కాఫీ కూడా తాగదు. ఆ రాస్త్‌కో ఫిబ్రవరి నుంచి ఆటలో బరువైపోయాడు. అవతలి కుర్రాళ్ళు అతన్ని దాటుకుని గుమ్మంలోంచి వెళ్ళినట్టు వెళ్ళిపోతున్నారు. అందరికీ కనబడుతోంది. ఎవరూ నోరెత్తడం లేదు. అందరికంటే ముందు వెలిమిరే ఎత్తడం లేదు.

ఏప్రిల్ ఆఖరి ఆదివారం, మధ్యాహ్నం పన్నెండింటికి చివరి మ్యాచ్. గెలిస్తే లీగులో ఉంటారు, ఓడితే కింది లీగుకి. గురువారం నుంచి వెలిమిర్‌కి కాఫీ తప్ప ఇంకేదీ గొంతు దిగలేదు.

ఇంకా ఆరు నిమిషాలున్నాయనగా ఏడు పాయింట్లు వెనకబడ్డారు. ఆ ఏడూ రాస్త్‌కో పక్క నుంచి వచ్చినవే. వెలిమిర్ బెంచి వైపు తిరిగాడు. స్టేవాన్ కూర్చుని ఉన్నాడు, తెల్లవారుజామున బేకరీ వ్యాను నడిపి వచ్చి ఆడే మనిషి. ఏడాదంతా కలిపి అరగంట ఆడాడో లేదో.

"స్టేవాన్, లే. రాస్త్‌కో బదులు."

స్టేవాన్ లేవలేదు. "ఎవరి బదులు?"

"వినబడింది కదరా, లే!"

రాస్త్‌కో వచ్చి, బెంచి కొసన కూర్చుని, తువ్వాలు తల మీద కప్పుకున్నాడు. కాసేపటికి లేచి డ్రెస్సింగ్ రూములోకి వెళ్ళిపోయాడు. పైన జనంలోంచి ఎవడో అరిచాడు: "వెల్యా, రేపు మీ ఇంటి పండక్కి ఏ కూమ్‌ని పిలుస్తావురా!" వెలిమిర్ చెవులు కాలిపోయాయి. వెనక్కి తిరిగి చూడలేదు.

స్టేవాన్ గొప్పగా ఆడాడని కాదు. పరిగెత్తాడు, అంతే. అవతలివాళ్ళకి ఎటు పోయినా అడ్డం తగిలాడు. ఏడు నాలుగైంది, నాలుగు ఒకటైంది, ఆఖరి నిమిషంలో జట్టు ఒక పాయింటు ముందుకొచ్చింది. అవతలివాళ్ళ చివరి బంతి రింగు మీద రెండుసార్లు ఎగిరి, బయటికి పడింది.

హాలు దద్దరిల్లింది. ఆ గోలలో వెలిమిర్‌కి ఒక్క మనిషే కనబడింది. రాస్త్‌కో భార్య దున్యా, మెట్లు దిగి జనాన్ని నెట్టుకుంటూ సూటిగా తన వైపే వస్తోంది. కొడితే కొట్టనీ అనుకుని కదలకుండా నిలబడ్డాడు.

దున్యా అతని రెండు భుజాలూ పట్టుకుని కుదిపింది.

"దింపడానికి ఇన్నాళ్ళా? కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు కూమ్? జనవరి నుంచి రోజూ పొద్దున్నే అతని బూట్ల తాళ్ళు నేనే కడుతున్నాను. నడుం పట్టేసి అతను వంగలేడు! చెబుదామంటే నా చేత ఒట్టేయించుకున్నాడు." అంటూనే అతన్ని కావలించుకుని భోరుమంది.

డ్రెస్సింగ్ రూములో రాస్త్‌కో నేల మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు బెంచి మీద పెట్టుకుని ఉన్నాడు.

"లేవలేక రాలేదు. ఏమైంది, గెలిచామా?"

"ఒక్క పాయింటుతో."

"అమ్మయ్య," అని కళ్ళు మూసుకున్నాడు.

"ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వు కోచ్ అయి ఎన్నాళ్ళయింది? కెప్టెనే చేతులెత్తేస్తే ఊరు నిన్ను నమిలెయ్యదూ?"

"నిన్ను దింపితే ఈ జన్మలో నాతో మాట్లాడవనుకున్నా."

"ఇంకో ఆరు నిమిషాలు ఆడించి ఉంటే స్ట్రెచర్ మీద మోసుకెళ్ళేవాళ్ళు. అప్పుడు నిజంగానే మాట్లాడకపోదును."

వెలిమిర్ అతని పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. నవ్వొచ్చింది. ఆపుదామంటే ఆగలేదు. రాస్త్‌కో, "నవ్వించకురా, నడుం!" అని మొత్తుకుంటూ తనూ నవ్వాడు.

మూడింటికి మొరావా నది ఒడ్డున హోటల్లో ముగ్గురూ భోజనానికి చేరారు. రాస్త్‌కో కూర్చోలేక, కిటికీ గట్టు మీద పళ్ళెం పెట్టుకుని నిలబడే తిన్నాడు. వెలిమిర్ గొడ్డు మాంసం సూపు రెండు గిన్నెలు తాగి, గొర్రెపిల్ల వేపుడు పళ్ళెం తన వైపు లాక్కున్నాడు.

"నెమ్మదిగా," అంది దున్యా. "ఎవరూ ఎత్తుకుపోరు."

అతను నిండు నోటితో తలూపి, రొట్టె ఇంకో ముక్క తుంచుకున్నాడు.