వరుసలో మిగిలిన శుభాకాంక్ష

2017 జూన్ 14, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. ఆళ్ళగడ్డలో సన్నని తుంపర, పడమటి గాలి. మా చర్చి సంఘ కార్యదర్శి ఫ్రాన్సిస్‌ను సమాధి చేసి అప్పటికి వారం దాటింది. ఆ ఉదయం మా సంఘం వెబ్‌సైటులో అతని పేరుతో ఒక వాక్యం వెలువడింది: “ఏసమ్మక్కకు జన్మదిన శుభాకాంక్షలు. ప్రభువు తోడుగా ఉండును గాక.”

ఏసమ్మ నవ్వింది. “బతికుండంగా ఎదురుపడితే ఫోన్లోంచి తల ఎత్తేటోడు కాదు. ఇప్పుడు గుర్తొచ్చినానా!”

మరుసటి వారం అదే శుభాకాంక్ష అందుకున్న జీవన్ కుమార్ జ్వరంతో ఆసుపత్రిలో చేరాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. సంఘపెద్ద రాజరత్నం, ఫ్రాన్సిస్ భార్య నిర్మలను వెంటబెట్టుకొని నంద్యాలలోని మా ఇంటికి వచ్చాడు.

“ఏందమ్మా ఇది? సచ్చినోడు ఒక్కొక్కర్నే పేరు పెట్టి పిలుస్తాండాడు. బేగా పీకెయ్యమ్మా దాన్ని.”

“తీయొద్దు మేడమ్,” అంది నిర్మల. “ఆయన మాట నాకు ఇంగ యాడుంది?”

కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాక, ఫ్రాన్సిస్‌తో కలిసి ఆ సైటును కట్టినది నేనే. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కనుక దాని మూలకోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, చదివాను. ఆదివారం ఆరాధనలో పుట్టినరోజులు చదివి వినిపించడం మా ఆచారం. సంఘ కార్యదర్శిగా ఫ్రాన్సిస్ జనవరిలోనే ఏడాదికి సరిపడా శుభాకాంక్షలను తేదీలు వేసి వరుసలో పెట్టాడు. అయితే ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తాను మేలుకోదు. వేసిన తేదీ వచ్చాక ఎవరైనా పేజీ తెరిచినప్పుడే సందేశం వెలువడుతుంది.

“పొద్దున్నే మొదట తెరిచేది ఎవరు?” అని అడిగాను.

నిర్మల తన ఫోన్ బయటికి తీసింది. “నేనే మేడమ్. లేస్తానే సైటులో ఆయన ఫొటో చూసుకుంటా. అంటే... ఆయన్ను లేపుతాండేది నేనేనా?”

“అవును.”

“నాకూ రాసినాడా?”

“ఉంది. అక్టోబరులో.”

“ఏం రాసినాడో చెప్పాకండి.”

రాజరత్నం మెత్తబడ్డాడు. “ఆయమ్మది ఆయమ్మకుండనీలే.” మిగిలిన శుభాకాంక్షలన్నీ తొలగించాను. సైటుకు తాళం వేసి, రహస్యపదాన్ని నిర్మలకు మాత్రమే ఇచ్చాను. సంఘానికి వేరే సైటు కట్టాను.

అక్టోబరు వచ్చింది. పుట్టినరోజునాడు నిర్మల ఫోన్ చేసింది.

“తెరిచావా?”

“లేదు మేడమ్. తెరిస్తే చెప్పేస్తాడు. ఒకసారి చెప్పేసినాక, ఆమైన ఆయనకు చెప్పేదానికి ఏముంటాది? ఉండనీండి, కాసుకోని ఉండాడు గదా.”

అవతల ఆమె ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో నాకు వినిపించింది.

నిర్మల 2024లో కన్నుమూసింది. ఆ తాళం అప్పటికి ఒక్కసారి కూడా తీయలేదు. సర్వరు అద్దె ఇప్పటికీ నేను కడుతున్నాను.