మోసేటోళ్ల కాళ్లకు నీళ్లు

ఆ ముసలామెది మామూలు మొండితనం గాదు. బిజినేపల్లి జోగులమ్మ మాల్టా దేశం వచ్చి, కార్మెల ఇంట్ల పనికి కుదిరి ఇరవై తొమ్మిది రోజులాయె. కార్మెలకు ఎనభై నాలుగేండ్లు. నడుము వంగదు, మోకాళ్లు లేవవు. అయినా ఒక్కనాడన్న జోగులమ్మను చెయ్యి వట్టనియ్యలే. తానం పోస్త అంటే లోపల గడియ వెట్టుకునుడే! గోడ వట్టుకోని, మూల్గుకుంట, సగం తడిసి సగం తడవక బయటికొచ్చేది. నాగర్‌కర్నూల్ దవాఖానల ఆయమ్మగ పదేండ్లు ఎందరికో తానాలు పోసిన చేతులు జోగులమ్మవి. గా చేతులను దగ్గరికే రానియ్యకపోతే పాణం చివుక్కుమనదా మరి?

రేపటితోని నెల నిండుతది. ఉంచుకునుడో, వాపస్ తోలుడో కార్మెల బిడ్డ రీటా రేపే చెప్తది. ఇదివరకు ముగ్గురిని గిట్లనే తోలిన్రు.

"ఆమె ఒప్పకపోతే ఏం జేస్తవే?" అని పొద్దున ఫోన్ల మొగడు వెంకట్రాములు అడిగిండు.

"ఏం జేస్త, మూట గట్టుకోని వస్త. పిల్ల నర్సింగు సదువు నడిమిట్ల ఆగుతది. గంతే గదా" అన్నది జోగులమ్మ. అని, ఫోను వెట్టేసి ఏడ్చింది.

ఆ రోజే మరియమ్మ పండుగ. బిజినేపల్లిల పక్కింటి ఎస్తేరమ్మ పోయే చర్చిల బొమ్మ ఉండది, ఊరేగింపు ఉండది. ఈడ సూస్తే ఊరంత జెండాలు, బ్యాండు మేళం, మిద్దెల మీదికెల్లి రంగు కాయితాల వాన! పొద్దుగూకే యాళ్లకు ఎనమండుగురు మొగోళ్లు అంత పెద్ద మరియమ్మను భుజాల మీద ఎత్తుకోని గల్లీల తిరిగిన్రు. ఒక్కని కాళ్లకు గూడ చెప్పుల్లేవు. మొక్కున్నోళ్లు గట్లనే మోస్తరని రీటా చెప్పింది. ఆగస్టు ఎండకు దినమంత కాలిన బండలు, అడుగు తీసి అడుగేస్తుంటే వాళ్ల మొగాలు వంకర్లు వోతున్నయి.

దేవుడు వాకిట్లకొస్తే మోసేటోళ్ల కాళ్లకు నీళ్లు పొయ్యకుంట నిలవడే ఆడది పాలమూరుల ఉంటదా? జోగులమ్మ ఎవ్వరినీ అడగలే. బకెట్ నిండ నీళ్లు దెచ్చి ముందటోళ్ల కాళ్ల మీద కుమ్మరించింది.

నున్నటి బండ! ముందటాయన కాలు సర్రున జారింది. మరియమ్మ ఒక పక్కకు ఒరిగింది. గల్లీ అంత ఒక్కపారి కేకేసింది. ఎనకోళ్లు పండ్లు గిట్టగరిచి ఆపిన్రు గనక సరిపోయింది. మేళం బందయింది.

"పిచ్చా నీకు? మనుషులు సచ్చేటోళ్లు!" అని రీటా ఇంగ్లీషుల అరిచింది.

అయిపోయింది, రేపటిదాకా గూడ ఉండనియ్యరు అనుకున్నది జోగులమ్మ. "మా ఊర్ల పోస్తం మేడం. కాళ్లు కాల్తయి గదా, పాపం" అని వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలల్ల చెప్పింది.

వాకిట్ల కుర్చీల కూసున్న కార్మెల, ఏమంటుందని బిడ్డను అడిగింది. రీటా కోపంగనే వాళ్ల బాసల చెప్పింది. గంతల మోసేటోళ్లు ఊతకట్టెలు నిలవెట్టి మరియమ్మను వాటి మీద ఆనిచ్చిన్రు. ఎనక ఉన్న నెరిసిన గడ్డపాయన వచ్చి తడి బండ మీద రెండు పాదాలు ఆనిచ్చి, కండ్లు మూసి, "హా..." అన్నడు. ఆయన ఎనక ఇంకొకాయన. జారినాయన గూడ నవ్వుకుంట కాలు ముందటికి సాపిండు. జోగులమ్మ ఇంకో బకెట్ దెచ్చి, ఈపారి మగ్గుతోని జర జర పోసింది.

కార్మెల బిడ్డతోని ఏందో అంటున్నది. రీటా ఇనుకుంట ఇనుకుంట మెత్తవడ్డది.

"మా తాత, అంటే అమ్మ వాళ్ల నాయన, గిట్లనే ఇరవై రెండేండ్లు మోసిండంట. పండుగ తెల్లారి పాదాలు బొబ్బలెక్కి మంచం దిగకపోయేటోడంట. 'అందరు మరియమ్మనే సూసిన్రు, మా నాయన కాళ్లు ఎవ్వరు సూడలే' అంటుంది మా అమ్మ" అని జోగులమ్మకు చెప్పింది.

మరియమ్మ మళ్ల కదిలింది, మేళం మళ్ల మోగింది. కార్మెల కుర్చీలకెల్లి లేవబోయి, రీటా చెయ్యి ఇస్తే పక్కకు నెట్టింది. తడిచేతులు చీరెకు తుడుసుకుంటున్న జోగులమ్మ భుజం వట్టుకోని, బరువంత దాని మీదేసి లేచింది. లేచి బిడ్డకు ఒక్క మాట చెప్పింది.

రీటా నవ్వింది. "రేపు తలకు తానం నువ్వే పొయ్యాల్నంట. నీళ్లు జర ఎచ్చగుండాల్నంట."