వారం తప్పని సూది

పొద్దున్నే చిన్నతల్లి కంటే ముందు ఆమె ఆకలి లేచేది. లేచి ఒళ్లు విరుచుకుని, బోర్లించిన గిన్నెల బుట్టలో మూతి పెట్టి అంతా కెలికేది. ఆ చప్పుడుకి చిన్నతల్లి మంచం దిగి, "ఓలమ్మా, లేచీసినావా, నీ పొట్ట పగలా" అని తిట్టుకుంటూ పొయ్యి ముట్టించేది. నిన్న మిగిలిన చద్దన్నంలో ఇంత ఉప్పూ ఉల్లిపాయా వేసుకుని తింటే గాని అది నెమ్మదించేది కాదు.

ఆమె ఆకలి ఒక నల్లమేక. నుదుట తెల్లమచ్చ, వంకర కొమ్ములు. చిన్నతల్లి తింటుంటే వచ్చి గడ్డం ఆమె మోకాలి మీద ఆనించి, ముద్ద ముద్దనీ కళ్లతో లెక్కపెట్టేది. ఆ కుటుంబంలో ఆడవాళ్ల ఆకలి కడుపులో నిలవదు. ముత్తవ్వ కళింగపట్నం నుంచి ఓడెక్కి రంగూన్ రేవులో బస్తాలు మోయడానికి దిగిననాటి నుంచీ అంతే. చిన్నతల్లి తల్లిది ఎర్రకోడి. కూతురు జయది పిచుక, అదీ ఫ్యాక్టరీలో పని ఎక్కువైన రోజున కంటికి కనబడదు. రంగూన్ తూర్పున తాకేటా పేటలో వాళ్ల సందులో ఇది అందరికీ తెలిసిందే. బేరం లేనప్పుడు టీకొట్టువాడు మేక వీపు మీద తడిగుడ్డ ఆరేసుకునేవాడు.

సందు మొదట్లో చిన్నతల్లిది ఇడ్లీ, తోసెల బండి. ఇరవై ఏళ్లుగా పెనం ముందు నిలబడి అందరికీ వడ్డించింది, మేక అడిగినప్పుడల్లా తానూ తింది. చివరికి మోకాళ్లు మొరాయించాయి. ముక్కాలిపీట మీద నుంచి లేవాలంటే రెండు చేతులూ గోడకి ఆనించాల్సి వచ్చేది. పైగా షుగర్ ఒకటి. బరువు తగ్గకపోతే ఇంకొన్నాళ్లకి పెనం ముందు నిలబడడం ఉండదని క్లినిక్‌లో డాక్టరమ్మ ముఖం మీదే చెప్పింది. బండి లేని చిన్నతల్లిని చిన్నతల్లే ఊహించుకోలేకపోయింది. ఆ మాట విన్న రోజు ఆమె భయంతో రెండు తోసెలు ఎక్కువ తిన్నది.

రక్తపరీక్షల కాగితాలు వచ్చాక ఒక ఆదివారం జయ ఊరికి పడమటి చివరనున్న లైంగ్‌థార్యార్ నుంచి వచ్చింది. అక్కడ బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, హాస్టల్లో ఉంటుంది. తల్లీకూతుళ్లు క్లినిక్‌కి వెళ్లారు. డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి, ఆకలి తగ్గించే ఈ మందు పడుతుంది అని తేల్చి, పెన్నులాంటి ఇంజెక్షన్ బల్ల మీద పెట్టింది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర గోల. మేక క్లినిక్ వారి మల్లెకంచె మేసేస్తోంది. వాచ్‌మన్ కర్ర పట్టుకుని కేకలు పెడుతున్నాడు. చిన్నతల్లి "నువ్వు విను, నాను ఇప్పుడే వొస్తాను" అని కూతురికి చెప్పి బయటికి పరుగెత్తింది. పరుగంటే ఆ మోకాళ్లతో ఎంత పరుగో అంత.

కాబట్టి డాక్టరమ్మ చెప్పినదంతా జయే విన్నది. శ్రద్ధగా విన్నది కూడా. బస్టాపులో నిలబడి తల్లికి అప్పజెప్పడం మొదలుపెట్టింది, బర్మా భాషలో. ఆ పిల్లకి నోరు తిరిగేది అందులోనే.

"మన మాట నేదేటే నీ నోట్లో?" అని కసిరింది చిన్నతల్లి. "మీ అవ్వ బతికుంటే సిగ్గుతో సచ్చును. తెలుగులో సెప్పు."

జయ మూతి ముడిచి, వేళ్లు మడుస్తూ, తడుముకుంటూ చెప్పింది. "ఒక సూది ఒక్కసారే అమ్మా. వాడింది సీసాలో పడెయ్. పొట్ట మీద గాని తొడ మీద గాని, జాగా మార్చి పొడవాలి. కరెంటు పోతాది కదా, ఐస్‌పెట్టెలో పెట్టు, మంచుకి తగలనీకు. కొంచెం కొంచెం తిను, నీళ్లు బాగా తాగు. ఎవరికీ ఇవ్వకు. మేక దూరం ఎల్తాది, ఎల్లనీ. కంటికి మాత్రం కనపడాలి. కనపడకపోతే, కడుపు నొచ్చి నీళ్లు కూడా నిలవకపోతే, మందు ఆపీసి డాక్టర్ దగ్గరికి ఎల్లాలి."

"మరెప్పుడు పొడుసుకోవాలి?"

ఇక్కడే వచ్చింది తంటా. ఏడు రోజుల గడువుని బర్మావాళ్లు తపత్ అంటారు. చిన్నతల్లి ఇంట్లోనూ ఆ లెక్కకి ఆ మాటే నడిచేది. "రెండు తపత్‌లై గేస్ రాలేదు" అని చిన్నతల్లే అనేది. కాని ఇప్పుడే తిట్లు తిన్న పిల్ల కదా, తల్లి మెచ్చుకుంటుందని ఒక్క క్షణం ఆలోచించి అచ్చ తెలుగుమాట వెతికి తీసింది. "వారానికొకటి. వారం తప్పకూడదు. రేపు మొదలెట్టు."

తెలుగుదేశంలో ఎవరిని అడిగినా దానికి అర్థం చెబుతారు. ఆ ఇంట్లో మాత్రం వారం అంటే ఒక్కటే, దేవుడికి ఉపవాసం ఉండే రోజు. చిన్నతల్లికి సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకి. "ఈ వేళ నాకు వారం" అంటే ఆ పూట కాఫీ తప్ప మరేమీ ముట్టదన్నమాట. వారం తప్పకూడదని ఆమె తల్లీ చెప్పింది, అవ్వా చెప్పింది. ఇప్పుడు డాక్టరమ్మ కూడా చెప్పిందని విని చిన్నతల్లి పొంగిపోయింది. బర్మావాళ్ల ఆడపిల్ల, అయినా మన దేవుళ్ల సంగతి ఎంత తెలుసుకుంది!

మర్నాడు సోమవారం. దీపం పెట్టి, సూది పొడుచుకుంది. సాయంత్రానికి మేక లేచి, ఆమెని ఓసారి చూసి, మెల్లగా టీకొట్టు దాకా నడిచి అక్కడ కూలబడింది. రాత్రి ఉపవాసం విడిచి అన్నం ముందు కూర్చుంటే మోకాలి మీద గడ్డం లేదు. నాలుగు ముద్దలకే చాలనిపించింది. "ఇదేటే ఇంత సులువా" అని ఆమెకి నవ్వొచ్చింది. శనివారం వచ్చింది. దీపం పెట్టి, మళ్లీ పొడుచుకుంది. మళ్లీ సోమవారం.

మొదట అంతా మెచ్చుకున్నారు. పక్కింటి బేబీ వచ్చి బుగ్గలు నొక్కి చూసి, "అక్కా, నాకూ ఒక పోటు పొడువే" అని బతిమాలింది.

"ఎవరికీ ఇవ్వొద్దన్నాది డాక్టరమ్మ. నీకేటుందో నీకు తెల్సా? ఎల్లి సూపించుకో" అని పంపించేసింది చిన్నతల్లి. ఆ మాట బాగానే పాటించింది. సూది జాగా మార్చింది, మంచుకి తగలనివ్వలేదు. అన్నీ సక్రమంగానే చేసింది పాపం, ఒక్కటి తప్ప.

మేక టీకొట్టు దాటి బస్టాపు దగ్గర పడుకోవడం మొదలుపెట్టింది. తరువాత చేపల బజారు దగ్గర కనిపించిందని ఎవరో అన్నారు. చిన్నతల్లి బండి దగ్గర నిలబడి కళ్లు చిట్లించుకుని చూసేది. దూరంగా నల్లగా ఏది కనబడినా, నీళ్ల డ్రమ్ము గాని చెత్తసంచి గాని, అదే మేక అని సర్దిచెప్పుకునేది. చీర కుచ్చెళ్లు ఇంకో మడత పడుతున్నాయి మరి. ఇన్నేళ్లకి మోకాళ్లు మాట వింటున్నాయి. ఆ ముచ్చట చెడగొట్టుకోవడం ఆమెకి ఇష్టం లేకపోయింది.

పెన్నులో మందు అనుకున్నదానికంటే బేగి అయిపోయింది. భర్త వెంకటరాజు మందుల కొట్టుకి వెళ్లి ఇంకోటి తెచ్చాడు. కొట్టువాడు ఏమీ అడగలేదు, వెంకటరాజు ఏమీ చెప్పలేదు. ఆయన రేవులో గోదాం కాపలాదారు; అడగకపోతే చెప్పకపోవడం ఆయనకి అలవాటు. కాని ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూశాడు.

"మేక ఏదే?"

"అదిగో, అక్కడే ఉంది."

"అది ఎదురింటి సుబాస్ గాడి మోటర్‌సైకిలే."

చిన్నతల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాంతి వస్తోంది.

ఆ పైన రోజులు బాగా లేవు. సాంబారు వాసన తగిలితే కడుపులో తిప్పేది. రుచి చూడలేక ఉప్పు రెండుసార్లు వేసింది. పాతబేరగాళ్లు మర్యాదకి సగం తిని లేచిపోయారు. నోరు ఎండిపోయేది, గుక్కెడు నీళ్లు తాగితే అవీ బయటికే. లేచి నిలబడితే సందు గిర్రున తిరిగేది. పెనం ముందు నిలబడడం కోసమే కదా ఈ తంటాలన్నీ పడింది, ఇప్పుడు నిలబడడమే చేతకాకుండా పోయింది. పజండౌంగ్ వాగు మీద వంతెన దాటి ఒక నల్లమేక ఊళ్లోకి పోతుంటే చూశానని బస్సు కండక్టరు చెప్పాడు. డాక్టర్ దగ్గరికి పోదామన్నాడు వెంకటరాజు. "రేపు శనివారం. వారం అవగానే ఎల్దాం" అంది ఆమె.

శనివారం దీపం పెట్టింది. పొడుచుకుంది. పిండిగిన్నె ఎత్తబోయి బండి పక్కనే కూలిపోయింది. టీకొట్టువాడూ బేబీ కలిసి మోసుకొచ్చి చాప మీద పడుకోబెట్టారు. కడుపులో నొప్పి వీపుదాకా పొడిచేస్తోంది. ఆకలి లేని ఒళ్లు ఎంత ఖాళీగా ఉంటుందో ఆమెకి అప్పుడు తెలిసింది. తనలో తినమని అడిగేవాళ్లు ఎవరూ లేరు. బతకమని అడిగేవాళ్లు కూడా లేరేమో అనిపించి భయమేసి ఏడ్చింది. కన్నీళ్లు కూడా సరిగ్గా రాలేదు.

"జయకి ఫోన్ సేస్తాను" అన్నాడు వెంకటరాజు.

"వొద్దు, పన్లో ఉంటాది."

ఆయన వినలేదు, చేశాడు. ఫోను కలవలేదు. టాక్సీ కోసం పరుగెత్తబోయి గుమ్మంలోనే ఆగిపోయాడు. సందు మొదట్లో ఒక పికప్ ఆగింది. అందులోంచి జయ దిగి పరుగెత్తుకొస్తోంది. ఆమె రెండు చేతుల్లో నల్లమేక. ఎముకల మీద తోలు తప్ప ఏమీ మిగలలేదు దానికి. నుదుటి తెల్లమచ్చ ఒక్కటే ఆనవాలు.

ఊరంతా దాటి, తూర్పు నుంచి పడమటికి, అది లైంగ్‌థార్యార్ ఫ్యాక్టరీ గేటు దాకా నడిచింది. జయ గేటు పక్కన కూర్చుని కారియర్ మూత తీసేసరికి ఎవరో గడ్డం తెచ్చి మోకాలి మీద ఆనించారు. అలా గడ్డం ఆనించేది లోకంలో ఒక్కటే అని జయకి తెలుసు. కారియర్ అక్కడే వదిలేసి, సూపర్‌వైజర్ అరుస్తున్నా వినకుండా వచ్చేసింది.

"అమ్మా! ఎప్పుడెప్పుడు పొడుసుకున్నావు?"

"నువ్వు సెప్పినట్టే. వారం వారం. ఒక్క వారం కూడా తప్పలేదు." చిన్నతల్లి గొంతులో ఇంకా కాస్త గర్వం ఉంది. "సోమారం, శనారం."

జయ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. తరువాత నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, "అమ్మా, వారం అంటే నాను తపత్ అనుకున్నానే. తపత్‌కి ఒకటి. అదే తెలుగులో సెప్పాను" అని బావురుమంది.

అదే పికప్‌లో ఆస్పత్రికి తీసుకెళ్లారు. చిన్నతల్లి తల జయ ఒళ్లో, మేక తల చిన్నతల్లి కాళ్ల మీద. ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు, రక్తం తీశారు, మందు ఆపేశారు. క్లినిక్ డాక్టరమ్మ కబురు తెలిసి వచ్చి, జయని పక్కకి పిలిచి, ఒంట్లో నీళ్లు ఇంకిపోయాయని, లోపల ఒక గ్రంథి వాచిందని, ఇంకొక్క రోజు ఆగితే తను ఏమీ చెప్పగలిగేది కాదని అంది. తరువాత మంచం కిందికి వంగి, పడుకున్న మేక కనురెప్ప ఎత్తి చూసింది. "ఇది లేచేదాకా నాకు ధైర్యం లేదు" అంది.

మేక లేవలేదు. వెంకటరాజు మామిడాకులు తెచ్చి మూతి దగ్గర పెడితే వాసన కూడా చూడలేదు. చిన్నతల్లి కళ్లు మూసుకునే ఉంది. నొప్పి తగ్గిందని, నీళ్లు నిలుస్తున్నాయని నర్సులు చెప్పినా, మాట లేదు పలుకు లేదు. జయ నేల మీద కూర్చుని మేక చెవి పట్టుకుని కదలకుండా ఉండిపోయింది. ఒక చిన్న మాట తన తల్లిని ఇక్కడిదాకా తెచ్చిందని ఆమెకి నమ్మకం కుదరలేదు. తెలుగు అంటే భయమేసింది. వచ్చిన మాటలు కూడా మింగేసుకుని, తండ్రితో సైగలతోనే నెట్టుకొచ్చింది.

ఒక పొద్దున, పక్క మంచం వాళ్లు గంజి కారియర్ విప్పుకుంటుండగా, జయ చేతిలో చెవి కదిలింది. మేక ముందుకాళ్లు చాపి, వణుకుతూ లేచింది. ఒకసారి తూలింది. మంచం పట్టీకి ఒరిగి నిలబడి, మెడ చాచి, గడ్డం తీసుకొచ్చి చిన్నతల్లి మోకాలి మీద ఆనించింది.

చిన్నతల్లి కళ్లు తెరిచింది.

"జయా," అంది. "ఆకలేస్తందే."

జయ ఏడుస్తూనే డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తి, అడిగి, పల్చటి గంజి తెచ్చింది. చెంచాతో కొద్దికొద్దిగా పోసింది. చిన్నతల్లి నాలుగు చెంచాలు తాగి, మేక తల నిమిరి, ఎముకలు తగిలి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"డాక్టరమ్మ మళ్లీ పొడుసుకోమంటాదేటే?"

"ఇప్పుడు కాదు. అసలు వాడాలో వొద్దో తనే సూసి సెప్తాదంట." జయ ఆగింది. "వాడమన్నా, మొదటినుంచి, చిన్న మోతాదు. అదీ..." తరువాత రావలసిన మాట నాలుక మీదికి వచ్చి, అక్కడే ఇరుక్కుపోయింది. చెంచా గాల్లో ఆగిపోయింది. పిల్ల ముఖం పాలిపోవడం చిన్నతల్లి చూసింది.

"తపత్ అనే," అంది చిన్నతల్లి. "నీకెలగొస్తే అలగ సెప్పు, అమ్మా. నాకర్దమవుద్ది."

"తపత్‌కి ఒకటి" అంది జయ.

"తపత్‌కి ఒకటి" అని చిన్నతల్లి తిరిగి అప్పజెప్పి, మళ్లీ నోరు తెరిచింది. జయ చెంచా అందించింది. మేక జయ పైట కొంగు అంచు అందుకుని నమలడం మొదలుపెట్టింది, ఎవరూ అదిలించలేదు.