గూడబాతు కాలికి చీర పేలిక

ఆ పొద్దున ఆకాశం కొల్లేటి మీదికి దిగి కూర్చుంది. మంచు విడేసరికి ఎనిమిది దాటింది. అప్పుడు గానీ ఆటపాక పక్షుల కేంద్రంలో గట్టు మీది నడకబాట కనపడలేదు.

మండవల్లిలో చేపల చెరువులున్న పాండురంగారావు ముందు నడుస్తున్నాడు. పక్కన వియ్యంకుడు జనార్దనరావు. తాడేపల్లిగూడెంలో ఆయనకి బట్టల కొట్టు. ఆడవాళ్ళిద్దరూ కేరేజీలు పట్టుకుని వెనకాల వస్తున్నారు. పిల్లల పెళ్ళయ్యాక వియ్యాలవారు చుట్టపుచూపుగా రావడం ఇదే మొదలు.

"చెరువుల వాళ్ళు పక్షుల్ని బతకనివ్వరంటారు, నిజమేనా బావగారూ?" అన్నాడు జనార్దనరావు.

"కొందరుంటారండి. చెరువు మీద నైలాను తాళ్ళు కట్టి, బెదురుకి గుడ్డ పేలికలు వేలాడదీస్తారు. నేను మట్టుకు కట్టనండి. అవి నాలుగు చేపలు తింటే మనం చితికిపోతామా?"

వెనక నుంచి భార్య సీతారత్నం దగ్గింది. పాండురంగారావు తిరిగి చూడలేదు. కట్టాడు. కిందటి నెల చేప పట్టేశాక ఆ తాళ్ళు విప్పించాల్సింది, బద్ధకించి వదిలేశాడు.

మలుపు తిరిగేసరికి గట్టు కింద వాచర్ యోబు ఓ గూడబాతుని చంకలో ఇరికించుకుని కూర్చున్నాడు. దాని కాలికి నైలాను తాడు చుట్టుకుని మాంసంలోకి దిగిపోయింది. తాడు కొసన ఆకుపచ్చ పేలిక.

"అయ్యా, కాస్త దీని ముక్కు పట్టుకోండి. పొడుస్తాది."

పాండురంగారావు ఆ పేలికనే చూస్తూ గట్టు మీదే ఉండిపోయాడు. జనార్దనరావే ప్యాంటు మడుచుకుని దిగాడు. యోబు బ్లేడుతో తాడు కోశాడు. "కట్టినోడి కాలికి కడితే తెలిసొస్తాది," అన్నాడు.

"ఎవడో కసాయోడు," అన్నాడు పాండురంగారావు. అన్నాక గానీ ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలియలేదు.

గూడబాతు కుంటుకుంటూ నీళ్ళలోకి పోయింది. జనార్దనరావు పేలికని వేళ్ళ మధ్య నలిపి చూస్తున్నాడు. ముప్పై ఏళ్ళు బట్ట కొలిచిన వేళ్ళు. అంచున జరీ నెమలి ఉంది. రంగు దిగిందని సీతారత్నం మూలపడేసిన చీర అది. పాతదే కదాని అడక్కుండా చించాడు పాండురంగారావు. పిల్లల పెళ్ళిలో వీళ్ళు పెట్టిన చీరేనని ఇప్పుడు గుర్తొచ్చింది.

జనార్దనరావు పేలిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఏ చీరో ఏమో, బాగా నానిపోయింది," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

తిట్టినా బాగుండేది.

"యోబూ, అది నా చెరువు తాడేనయ్యా," అన్నాడు పాండురంగారావు. "ఈవేళే విప్పేస్తాను. బావగారూ, చీర... మీరు పెట్టిందేనండి."

యోబు బ్లేడు తుడుచుకుని, గట్టెక్కి వెళ్ళిపోయాడు.

జనార్దనరావు జేబు తడుముకుంటూ అడిగాడు. "రంగు దిగిందాండీ?"

"దిగిందండి."

రంగు గట్టిదని తన కొట్లోంచే తీసి పెట్టిన చీర; జనార్దనరావు తల కూడా వంగింది.

రేకుల షెడ్డు కింద కేరేజీలు విప్పారు. జనార్దనరావు భార్య ప్రసన్నలక్ష్మి విస్తళ్ళు వేసింది. సీతారత్నం చేపల పులుసు వడ్డించింది. మగవాళ్ళిద్దరూ ముళ్ళు ఏరి ఆకు అంచున పెట్టుకుంటూ తిన్నారు.