మళ్లీ రానక్కర్లేదు

గిరాకీ గడ్డానికి రెండోసారి నురగ పట్టించి, బ్లేడు సగానికి విరిచి కత్తిలో బిగించాడతను. చుబుకం కింద తోలును బొటనవేలితో లాగిపట్టి, కింది నుంచి పైకి ఒక్క గీత గీశాడు. గిరాకీ అద్దంలోంచి అతన్నే చూస్తున్నాడు.

"ఏంటి రేడియో, ఇవాళ స్టేషన్ మూసేశారా?"

అతను నవ్వి ఊరుకున్నాడు. వీధి వీధంతా అతన్ని రేడియో అనే పిలుస్తుంది. ఆ కటింగ్ షాపులో కుర్చీ ఎక్కినవాళ్లకి దిగేదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. పదేళ్ల కిందట అతని నోట్లోంచి మాట రావాలంటే గొలుసు కట్టి లాగాల్సి వచ్చేదంటే ఇప్పుడెవరూ నమ్మరు.

కూతురు పుట్టిన ఆరో రోజు ఆదివారం. షాపు నిండా జనం. "పిల్ల పాలు పట్టడం లేదు, ఒళ్లు వేలాడేస్తోంది" అని పొద్దున్నే భార్య కబురు పెట్టింది. "నిద్రమత్తులే, షాపు కట్టేశాక చూద్దాం" అని తిరుగు కబురు పంపాడు. సాయంత్రం ఆసుపత్రికి చేరేసరికి పిల్ల ఏడవడం కూడా మానేసింది. రక్తంలో చేరిన ఇన్ఫెక్షన్ మెదడు పొరలదాకా పాకిందన్నారు. చేతుల్లో నరం దొరక్క తలకు సూది పెట్టారు. ఇరవై ఒక్క రోజులు గాజుపెట్టెలో ఉండి పిల్ల దక్కింది. "గండం గడిచింది. ఇక ఎదుగుదల మీద ఓ కన్నేసి ఉంచాలి" అంది డాక్టరమ్మ.

ఆ కన్ను తొమ్మిదేళ్లుగా రెప్ప వెయ్యలేదు. తోటి పిల్లలు పరుగులు తీసే వయసుకు ఇది గోడ పట్టుకుని నడిచింది. ఎడమ చెవి దాదాపు వినపడదని తేలింది. మాటలు రాలేదు. ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేలా, చేసే ప్రతి పనీ చెబుతూ ఉండమన్నారు. అప్పటినుంచి గుండీ పెడుతూ గుండీ అన్నాడు, నీళ్లు పోస్తూ నీళ్లు అన్నాడు. మూడో ఏట పిల్ల మొదటి మాట అంది: "కత్తెర." "అమ్మా అనకుండా కత్తెరేంటే!" అని భార్య నవ్వుతూనే ఏడ్చింది. పిల్లకు మాటలొచ్చాయి. అతనికి మాత్రం ఆగలేదు.

ఇవాళ మధ్యాహ్నం పిల్లను మళ్లీ ఆ డాక్టరమ్మకు చూపించాలి. ఆ మౌనం అందుకే.

ఆసుపత్రిలో పిల్ల ఒంటికాలి మీద నిలబడింది. చూపించిన బొమ్మ గీసింది. విన్న కథను తిరిగి చెబుతూ, అందులో లేని కుక్కనొకదాన్ని కలిపింది. ఎక్కం అడిగితే ఏడు దగ్గర ఆగి, వేళ్లు మడుచుకుని ముందుకెళ్లింది.

డాక్టరమ్మ పెన్నుకు మూత పెట్టింది. "లెక్కలు కాస్త నిదానంగా వస్తాయి. కానీ వస్తాయి. చెవి మిషన్ తీసెయ్యనివ్వకండి, బడిలో ముందు బెంచీలో కూర్చోబెట్టించండి. తక్కినదంతా బాగుంది."

"మళ్లీ ఎప్పుడు తీసుకురమ్మంటారమ్మా?"

"చెవి పరీక్షకు వెళ్తూ ఉండండి చాలు. నా దగ్గరికి ఇక రానక్కర్లేదు. ఏదైనా తేడా అనిపిస్తే అప్పుడు రండి."

అతను లేవలేదు. పిల్ల బయటికి వెళ్లేదాకా ఆగి, నేల చూపులు చూస్తూ అడిగాడు. "ఆ రోజు పొద్దున్నే తెచ్చుంటే... ఆ చెవి దక్కేదేమోనమ్మా?"

ఆమె పిల్ల ఫైలు పక్కకు జరిపింది. "చెప్పలేనండి. ముందే తెస్తే మంచిదే. కానీ ముందే తెచ్చినా చెవులు పోయిన పిల్లల్ని చూశాను. మర్నాటిదాకా ఆగుంటే పిల్లే దక్కేది కాదు. ఆ బరువు ఇంకెన్నాళ్లు మోస్తారు, దించెయ్యండి."

వరండాలో అతను మొహం తుడుచుకుంటుంటే కూతురు వింతగా చూసింది.

"కంట్లో ఏదో పడిందమ్మా."

"రెండు కళ్లల్లోనా?"

షాపు తెరవగానే పిల్ల కుర్చీ ఎక్కింది. చిన్నపిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టడానికి కుర్చీ చేతుల మీద అడ్డంగా వెయ్యబోయిన చెక్కను తోసేసింది. "వద్దు నాన్నా, కాళ్లు ఆనుతున్నాయి చూడు. ఈసారి పొట్టిగా కత్తిరించు, ఆడుకుంటుంటే కళ్లల్లో పడుతోంది."

"పొట్టిగా అయితే మచ్చ కనపడుతుందే..."

తలకు సూది పెట్టినచోట గోరంత మేర వెంట్రుక మొలవలేదు. ఇన్నేళ్లూ దాని మీదికి ఓ పాయ వదిలి కత్తిరించేవాడు.

"కనపడనీ. ఎవరైనా అడిగితే చెప్తా."

ఆ పాయ కింద పడింది.

"అమ్మకు నేనే చెప్తా, నువ్వు రాకు" అంటూ పిల్ల గుమ్మం దాటింది. రోడ్డు అంచున ఆగి, ఒక్క చెవిని నమ్ముకోకుండా తల పూర్తిగా అటూ ఇటూ తిప్పి చూసి, దాటింది. ఒంటరిగా దాటడం అదే మొదటిసారి. అతను గుమ్మంలోనే ఉండిపోయి, మలుపు తిరిగేదాకా చూసి, వెనక్కి తిరిగాడు.

లోపల చెక్క గోడకు చేరగిలబడి ఉంది. నడిమధ్య నున్నగా అరిగింది. ఓ అంచున ఎప్పుడో పిల్ల కొరికిన పాలపళ్ల గాట్లు, రెండు.